ఈకల ధూళిలో దాగిన జబ్బు

హైదరాబాద్‌లో నాంపల్లి స్టేషన్ దగ్గర్నుంచి రెడ్‌హిల్స్ వైపు వెళ్తే ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి వస్తుంది. 1955 నుంచి తెలుగు జిల్లాల పేద రోగులకు అదే పెద్ద దిక్కు. ఆ చుట్టుపక్కల సందుల్లోనూ, ఇటు మొజంజాహీ మార్కెట్ మీదుగా అబిడ్స్ వెళ్ళే దారుల్లోనూ పొద్దున్నే చికెన్ సెంటర్ల షట్టర్లు లేస్తాయి. డీసీఎం వ్యాన్లలోంచి కోళ్ళ జాలీలు దిగుతాయి. వైద్య చరిత్రలో ఈ క్యాన్సర్ వార్డుకూ ఆ కోళ్ళ జాలీకీ దగ్గరి సంబంధం ఉంది. క్యాన్సర్ రాకుండా అడ్డుకునే టీకాను ప్రపంచం మొట్టమొదట పెద్దఎత్తున వేసింది కోళ్ళకే.

మనుషుల్లో కాలేయ క్యాన్సర్‌కు దారితీసే హెపటైటిస్-బికి టీకా 1981లో అమెరికాలో అనుమతి పొందింది. 1997లో హైదరాబాద్‌కు చెందిన శాంతా బయోటెక్నిక్స్ దాన్ని దేశీయంగా తయారుచేసి సామాన్యుడికి అందే ధరకు దించింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా 2006లో వచ్చింది. కోళ్ళ టీకా మాత్రం 1970 ప్రాంతానికే సిద్ధంగా ఉంది. అది ఏ జబ్బు కోసం పుట్టిందో ఆ జబ్బు పేరు మారెక్స్. దానికి కారణం హెర్పిస్ కుటుంబానికి చెందిన ఒక వైరస్.

యాభై ఏళ్ళకు పైగా టీకా వేస్తున్నా ఆ వైరస్ ఎక్కడికీ పోలేదు. కోళ్ళు పెంచే దేశాలన్నిటిలోనూ ఉంది, తెలంగాణ షెడ్లలోనూ ఉంది. పైగా కాలం గడిచేకొద్దీ మరింత ఉగ్రంగా తయారైంది. ఎందుకలా జరిగిందో తెలియాలంటే ముందు అది కోడి ఒంట్లో ఎలా తిరుగుతుందో, ఒక కోడి నుంచి మరో కోడికి ఎలా చేరుతుందో చూడాలి.

బుడాపెస్ట్‌లో నాలుగు పుంజులు

1907లో హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లోని పశువైద్య కళాశాల ప్రొఫెసర్ యోజెఫ్ మారెక్ నాలుగు పుంజుల్ని పరీక్షించాడు. వాటి కాళ్ళూ రెక్కలూ చచ్చుబడిపోయాయి. కోసి చూస్తే వెన్నుపాము నుంచి కాళ్ళకు వెళ్ళే నరాలు వాచి లావెక్కి ఉన్నాయి. ఆయన దాన్ని నరాల వాపు జబ్బుగా రాసిపెట్టాడు. అప్పటికి అది అక్కడక్కడా, ఏ నాలుగు పక్షులకో కనిపించే పక్షవాతం మాత్రమే.

కోళ్ళను వేలల్లో ఒకే కప్పు కింద పెంచడం మొదలయ్యాక దాని తీరు మారింది. 1950లు, 60ల్లో అమెరికా బ్రాయిలర్ షెడ్లలో కాళ్ళు పడిపోకముందే కాలేయం, ప్లీహం, అండాశయం, చర్మం నిండా గడ్డలతో కోళ్ళు చనిపోసాగాయి. టీకా లేని మందల్లో నూటికి ముప్పై దాకా పోయేవి, ఒక్కోసారి అంతకు రెట్టింపు. చాలాకాలం దీన్ని కోళ్ళకు వచ్చే మరో రకం రక్త క్యాన్సర్‌తో కలిపి ఒకటే అనుకున్నారు. ఇంగ్లండ్‌లోని హౌటన్ పౌల్ట్రీ పరిశోధన కేంద్రంలో పనిచేసిన పీటర్ బిగ్స్ ఇవి వేర్వేరు జబ్బులని తేల్చి, నరాలను చచ్చుబరిచే ఈ జబ్బుకు మారెక్ పేరు పెట్టమని సూచించాడు. 1967లో ఆయనా, సహచరుడు చర్చిల్ కలిసి దీని వెనక ఉన్నది హెర్పిస్ వైరస్ అని బయటపెట్టారు.

హెర్పిస్ కుటుంబం తెలుగు ఇళ్ళకు వేరే పేర్లతో తెలుసు. చిన్నప్పుడు ఆటలమ్మ పోస్తుంది, తగ్గిపోతుంది. వైరస్ మాత్రం పోదు, నరాల మూలాల్లో నిద్రపోతుంది. నలభై ఏళ్ళ తర్వాత, ఒంట్లో శక్తి తగ్గినప్పుడు, అదే వైరస్ అక్కిగా పైకి లేస్తుంది. ఒకసారి లోపలికి వస్తే జన్మంతా ఉండిపోవడం ఈ కుటుంబం లక్షణం. కోడి వైరస్‌దీ అదే తీరు. అయితే అది నిద్రపోవడానికి నరాన్ని గాక రక్తంలోని రక్షణ కణాన్ని ఎంచుకుంటుంది.

ఊపిరితిత్తి నుంచి ఈక దాకా

కథంతా ఒక్క శ్వాసతో మొదలవుతుంది. షెడ్డు గాలిలో తేలే ధూళిని కోడిపిల్ల పీలుస్తుంది. ఊపిరితిత్తుల్లో చెత్తను ఏరివేయడానికి కాపలా ఉండే కణాలు ఆ ధూళితోపాటు వైరస్‌నీ మింగుతాయి. శత్రువును పట్టుకున్నామనుకుని అవే దాన్ని ప్లీహానికీ, ఇతర రక్షణ అవయవాలకూ మోసుకుపోతాయి.

మూడో రోజు నుంచి వారం దాకా వైరస్ అక్కడ బి-కణాలనే తెల్ల రక్తకణాల్లో విపరీతంగా పెరిగి వాటిని చంపుతుంది. ఆ కణాలే ప్రతిరక్షకాలను తయారుచేసేవి. అందుకే మారెక్స్ సోకిన మందలో కొక్కెర తెగులు, గంబోరో లాంటి ఇతర కోళ్ళ జబ్బుల టీకాలు కూడా సరిగా పట్టవు. రైతు టీకాలన్నీ వేయించినా కోళ్ళు వేరే జబ్బులతో రాలిపోతుంటే, వెనక ఉన్నది ఈ వైరస్ కావచ్చు.

బి-కణాలను కాపాడటానికి టి-కణాలు పరుగెత్తుకొస్తాయి. వైరస్ వాటిలో దూరి నోరు మెదపకుండా కూర్చుంటుంది. తన జన్యుపదార్థాన్ని ఆ కణం క్రోమోజోముల చివర్లలో అతికించేస్తుంది. వైరస్‌లోని ‘మెక్’ అనే జన్యువు ఆ కణాన్ని ఆగకుండా విభజన చెందమని రెచ్చగొడుతుంది. కొన్ని కోళ్ళలో మూడు నాలుగు వారాల తర్వాత అవే గడ్డలవుతాయి. ఇంకొన్నింటిలో నరాల్లోకి చొరబడి వాపు తెస్తాయి.

గడ్డలతో కోడి చనిపోతుంది గానీ, వైరస్ వ్యాపించేది గడ్డల వల్ల కాదు. టి-కణాల మీద సవారీ చేస్తూ అది చర్మానికి చేరుతుంది. ఈక మొలిచే కుదురులోని పైపొర కణాల్లో మాత్రమే అది పూర్తిగా తయారై, కణం బయట కూడా స్వతంత్రంగా బతకగల రూపం పొందుతుంది. కోడి ఒంట్లో మరెక్కడా ఇలా జరగదు. ఆ పైపొర చుండ్రులా పొట్టు రాలినప్పుడల్లా వైరస్ ఆ పొట్టుతోపాటే గాలిలోకి వెళ్తుంది. సోకిన రెండు వారాలకు మొదలయ్యే ఈ విడుదల కోడి బతికినంత కాలం సాగుతుంది. చూడటానికి ఆ కోడి నిక్షేపంగా ఉండవచ్చు, మేత తినవచ్చు, గుడ్లు పెట్టవచ్చు.

పొట్టుకు అంటుకున్న వైరస్ గట్టిది. మామూలు గది వాతావరణంలో నెలల తరబడి చావదు, చల్లగా ఉంటే ఏళ్ళ తరబడి ఉంటుంది. ఖాళీ షెడ్డు ఇనుప వలకు వేలాడే బూజులో, ఫ్యాను రెక్కల మీద పేరుకున్న పొరలో, పాత లిట్టర్‌లో తిరిగే నల్ల పురుగుల మీద అది పొంచి ఉంటుంది. పనివాడి చొక్కాతో, చెప్పులతో, మేత బస్తాతో పక్క షెడ్డుకు వెళ్తుంది.

నగరంతో దీనికి ముడి ఇక్కడే పడుతుంది. రంగారెడ్డి, మేడ్చల్, సిద్దిపేట వైపు ఫారాల నుంచి వచ్చిన కోడి ప్రయాణం నాంపల్లి దుకాణంలో ముగుస్తుంది. జాలీ ప్రయాణం మాత్రం ముగియదు. రెట్టా, ఈకలూ, పొట్టూ అంటుకున్న ఖాళీ జాలీలు అదే డీసీఎంలో మళ్ళీ ఏదో ఒక ఫారం గేటుకు చేరతాయి. వేర్వేరు ఫారాల జాలీలు ఒకే బండిలో కలిసిపోతాయి. వాటిని కడిగి, మందు నీళ్ళు కొట్టి ఎండబెట్టకపోతే ఒక ఊరి వైరస్ ఇంకో ఊరికి చేరడానికి అంతకన్నా సులువైన దారి ఉండదు.

ఒక్క మేలు ఉంది. ఈ వైరస్ గుడ్డు ద్వారా తల్లి నుంచి పిల్లకు రాదు. సోకిన పెట్ట పెట్టిన గుడ్డు నుంచి కూడా శుభ్రమైన పిల్లే బయటికొస్తుంది. ఆ పిల్ల మొదటి ఊపిరి ఎక్కడ పీలుస్తుందన్నదే అసలు సమస్య. టీకా వ్యవస్థ మొత్తం ఈ ఒక్క వెసులుబాటు మీదే నిలబడింది.

టర్కీ కోడి ఇచ్చిన కవచం

హౌటన్ శాస్త్రవేత్తలు 1969లో వైరస్‌ను ప్రయోగశాలలో బలహీనపరిచి మొదటి టీకా తయారుచేశారు. ఆ వెంటనే అమెరికాలో మిషిగన్ రాష్ట్రం ఈస్ట్ లాన్సింగ్‌లోని ప్రభుత్వ ప్రయోగశాల మరో దారి కనిపెట్టింది. టర్కీ కోళ్ళలో ఇలాంటిదే ఇంకో హెర్పిస్ వైరస్ ఉంది. అది టర్కీలకూ హాని చేయదు, మామూలు కోళ్ళకూ చేయదు. రిచర్డ్ విటర్ బృందం దాన్ని వేరుచేసింది. ఆ వైరస్‌ను ఒకరోజు పిల్లకు ఎక్కిస్తే మారెక్స్ గడ్డలు రావని తేలింది. ఆవు మశూచితో మనిషి మశూచిని అడ్డుకున్న జెన్నర్ పద్ధతే ఇది. హెచ్‌వీటీ అని హేచరీల్లో నేటికీ పిలిచే టీకా అదే. 1972లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్త రిస్పెన్స్ అందించిన మరో టీకా ఇప్పటికీ అన్నిటికన్నా బలమైనదిగా పేరు తెచ్చుకుంది. గుడ్ల కోళ్ళకు ఈ రెండింటినీ కలిపి వేయడం రివాజు.

టీకా వేసేది హేచరీలోనే, పిల్ల గుడ్డు నుంచి బయటికొచ్చిన రోజే, మెడ వెనక చర్మం కింద. కొన్ని దేశాల్లో పద్దెనిమిదో రోజున గుడ్డులోకే యంత్రంతో ఎక్కిస్తారు. రిస్పెన్స్ లాంటి టీకాల్లోని వైరస్ బతికున్న కణంలోనే బతుకుతుంది. కణం చస్తే టీకా చచ్చినట్టే. అందుకే వాటిని మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో దాస్తారు. బయటికి తీసి కరిగించి కలిపాక గంట, మహా అయితే రెండు గంటల్లో వాడేయాలి. నత్రజని డబ్బా ఒకరాత్రి ఎండిపోయినా, కరిగించే నీళ్ళు వేడెక్కినా, సూది ఒక పిల్లను తప్పినా, ఆ పొరపాటు ఫారంలో రెండు మూడు నెలల తర్వాత గానీ బయటపడదు. పొడి రూపంలో దొరికే హెచ్‌వీటీని మామూలు ఫ్రిజ్‌లో ఉంచవచ్చు. చిన్న హేచరీలకు అదే ఆధారం. అయితే తల్లి నుంచి గుడ్డు సొనలో వచ్చిన ప్రతిరక్షకాలు దాని బలాన్ని కొంత తగ్గిస్తాయి.

టీకా పనిచేయడానికి వారం దాకా పడుతుంది. ఆ వారంలో, పిల్లలను వెచ్చగా పెంచే బ్రూడర్ గదిలో పాత బ్యాచ్ ధూళి ఉంటే వైరస్ ముందే చేరిపోతుంది. టీకాకూ వైరస్‌కూ జరిగే ఈ పందెంలో ఎవరు గెలుస్తారనేది రైతు చీపురు, మందు నీళ్ళ మీద ఆధారపడి ఉంటుంది.

టీకా ఆపేది జబ్బును, వైరస్‌ను కాదు

మారెక్స్ టీకా వేసిన కోడికి గడ్డలు రావు, పక్షవాతం రాదు. కానీ వైరస్ సోకుతుంది, ఈకల కుదుళ్ళలో పెరుగుతుంది, పొట్టుతో రాలుతుంది. మశూచి, తట్టు టీకాల్లాగా ఇది వ్యాప్తిని నిలువరించలేదు.

2015లో శాస్త్రవేత్తలు ఆండ్రూ రీడ్, బ్రిటన్‌లోని పిర్‌బ్రైట్ సంస్థకు చెందిన వేణుగోపాల్ నాయర్ తదితరులు ఈ విషయాన్ని ప్రయోగంతో చూపారు. అత్యంత ఉగ్రమైన రకం వైరస్‌ను టీకా లేని కోళ్ళకు ఎక్కిస్తే అవి పది రోజుల ప్రాంతంలోనే చచ్చిపోయాయి, వైరస్‌ను వెదజల్లే వ్యవధి కూడా లేకుండా. టీకా వేసిన కోళ్ళు బతికి వారాల తరబడి దాన్ని వెదజల్లాయి. వాటితో కలిసి ఉన్న టీకా లేని కోళ్ళకు సోకింది, అవి చనిపోయాయి. ఆతిథ్యమిచ్చే కోడిని త్వరగా చంపే వైరస్ మామూలుగా తానూ దానితోపాటే అంతరిస్తుంది. టీకా ఆ కోడిని బతికించడంతో అలాంటి వైరస్‌కూ నిలదొక్కుకునే వీలు చిక్కింది.

2023 డిసెంబర్‌లో మరో ఆధారం దొరికింది. యూరప్, పశ్చిమాసియా తవ్వకాల్లో బయటపడిన కోడి ఎముకల నుంచి శాస్త్రవేత్తలు వెయ్యేళ్ళ నాటి మారెక్స్ వైరస్ జన్యువులను వెలికితీసి చదివారు. నాటి ‘మెక్’ జన్యువుకు గడ్డలు పుట్టించే సామర్థ్యం నేటి దానితో పోలిస్తే బాగా తక్కువని తేలింది. వెయ్యేళ్ళుగా కోళ్ళతో కలిసి బతుకుతున్న ఈ వైరస్ ప్రాణాంతకంగా మారింది ప్రధానంగా గత శతాబ్దంలోనే. టీకా ఒక్కటే దీనికి కారణమని అనలేం. ఒకే షెడ్డులో వేల కోళ్ళు, బ్యాచ్ మీద బ్యాచ్, ఒకే రకం జన్యువులు, పేరుకున్న ధూళి, వీటన్నిటి పాత్రా ఉంది. టీకా మానేయమనడానికి ఇది కారణమూ కాదు. మానేస్తే మొదట చచ్చేవి టీకా లేని కోళ్ళే. టీకా ఉంది కదా అని శుభ్రతను వదిలేయకూడదని చెప్పడానికి మాత్రం ఇంతకన్నా బలమైన కారణం అక్కర్లేదు.

మన షెడ్లు, మన పెరళ్ళు

దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ మొదటి స్థానంలో, తమిళనాడు తర్వాత తెలంగాణ మూడో స్థానంలో ఉన్నాయి. ఈ స్థాయికి రావడంలో తెలుగువాడైన డాక్టర్ బి.వి.రావు పాత్ర పెద్దది. 1971లో పుణెలో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించిన ఆయన, 1982లో గుడ్ల ధరను రైతులే నిర్ణయించుకునేందుకు జాతీయ గుడ్ల సమన్వయ కమిటీని నిలబెట్టాడు. ఒకరోజు పిల్లను టీకాతో సహా రైతుకు అందించే హేచరీ వ్యవస్థ లేకపోతే ఇంత పెద్ద పరిశ్రమ నిలబడేది కాదు.

అయినా మన గుడ్ల ఫారాల్లో ఒక బలహీనత ఉంది. మార్కెట్‌కు రోజూ గుడ్లు పంపాలి కాబట్టి ఒకే ఆవరణలో పిల్లలు, ఎదిగే కోళ్ళు, ముదురు కోళ్ళు పక్కపక్క షెడ్లలో ఉంటాయి. ఫారం ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కాదు, ధూళి కూడా పూర్తిగా పోదు. ముదురు కోళ్ళ షెడ్డు మీదుగా వీచే గాలి బ్రూడర్ గది మీదికి రాకుండా కట్టుకోవడం, పిల్లల దగ్గర పనిచేసేవారు పెద్ద షెడ్లలోకి వెళ్ళకపోవడం, రోజూ పని పిల్లల షెడ్డు నుంచే మొదలుపెట్టడం ఖర్చు లేని జాగ్రత్తలు. బ్రాయిలర్ల విషయం వేరు. ఐదారు వారాలకే అమ్ముడైపోతాయి గనుక గడ్డలు ముదిరే వ్యవధి తక్కువ. గుడ్ల కోడి ఏడాదికి పైగా బతకాలి, మారెక్స్ దెబ్బ దాని మీదే ఎక్కువ.

నాంపల్లి నుంచి మెహదీపట్నం మీదుగా వెళ్తే రాజేంద్రనగర్‌లో భారత వ్యవసాయ పరిశోధన మండలి వారి కోళ్ళ పరిశోధన సంస్థ ఉంది. 1988లో మొదలైన ఈ సంస్థే పల్లె పెరళ్ళ కోసం వనరాజ, గ్రామప్రియ రకాలను తయారుచేసింది. అక్కడి పిల్లలకు మొదటి రోజునే మారెక్స్ టీకా వేస్తారు, తర్వాత కొక్కెర తెగులుకు, గంబోరోకు. ఊళ్ళో పెట్టను పొదగేసి తీసిన నాటు పిల్లలకు ఆ అవకాశం ఉండదు. నాటుకోడికి ఏ జబ్బూ రాదన్న నమ్మకం పల్లెల్లో బలంగా ఉంది. కోడి రక్షణ వ్యవస్థలోని కొన్ని జన్యు రకాలు మారెక్స్‌ను బాగా తట్టుకుంటాయన్నది నిజమే. బి-21 అనే రకం అందుకు ప్రసిద్ధి. కానీ అది ఏ పెరటి కోడిలో ఉందో కంటికి కనిపించదు. ఒక కాలు ముందుకూ ఒక కాలు వెనక్కూ చాపి పడిపోయిన నాటు పుంజును చూసి గాలి తగిలిందనో, కాలు బెణికిందనో అనుకుని వదిలేసేవారు చాలామంది. ఆ భంగిమ మారెక్స్‌కు గుర్తు. కంటిపాప చుట్టూ ఉండే రంగు బూడిదలా మారి చూపు పోవడం ఇంకో గుర్తు. పశువైద్యులు చనిపోయిన కోడిని కోసి రెండు తుంటి నరాలనూ పోల్చి చూస్తారు. ఒకటి రెండోదానికన్నా లావుగా ఉంటే అనుమానం బలపడుతుంది. ఈక మొదళ్ళనో, షెడ్డు ధూళినో పీసీఆర్ పరీక్షకు పంపితే వైరస్ ఉందో లేదో తేలుతుంది.

నరంలో నిద్రపోయే మరో బంధువు

కోళ్ళను పట్టే ఇంకో ముఖ్యమైన హెర్పిస్ వైరస్ శ్వాసనాళాన్ని పట్టుకుంటుంది. అంటు స్వరపేటిక వాపు అనదగ్గ ఈ జబ్బును ఫారాల్లో ఐఎల్‌టీ అంటారు. 1925లో అమెరికాలో దీన్ని మొదట వర్ణించారు. సోకిన ఆరు నుంచి పన్నెండు రోజులకు కోడి మెడ సాచి నోరు తెరిచి ఊపిరి కోసం పెనుగులాడుతుంది, దగ్గితే రక్తం కలిసిన జిగురు గోడలకు చిమ్ముతుంది. ఇది ధూళి కన్నా తుంపర్లతో, పాత్రలతో, మనుషుల చేతులతో ఎక్కువగా పాకుతుంది. కోలుకున్న కోడి ముఖంలోని త్రిధార నాడి మూలంలో వైరస్ నిద్రపోతుంది. గుడ్లు పెట్టడం మొదలైనప్పుడో, కొత్త షెడ్డుకు మార్చినప్పుడో, ఆ ఒత్తిడికి మేల్కొని మళ్ళీ బయటికి వస్తుంది. ఒకసారి ఐఎల్‌టీ వచ్చి తగ్గిన కోళ్ళను కొత్త మందలో కలపకూడదనేది ఇందుకే.

దీని టీకాలు కూడా ఒక పాఠం నేర్పాయి. ఆస్ట్రేలియాలో రెండు వేర్వేరు బతికున్న టీకాల వైరస్‌లు షెడ్లలో కలుసుకుని, జన్యువులు మార్చుకుని కొత్త ఉగ్ర రకాలుగా తయారయ్యాయని మెల్‌బోర్న్ శాస్త్రవేత్తలు 2012లో నిరూపించారు. ఇప్పుడు చాలా దేశాల్లో ఐఎల్‌టీ వైరస్‌లోని ఒకటి రెండు జన్యువులను మాత్రమే టర్కీ హెర్పిస్ వైరస్‌లో అమర్చి టీకాగా వాడుతున్నారు. గంబోరోకూ, కొక్కెర తెగులుకూ కూడా అదే వైరస్‌ను వాహనంగా మలిచారు. ఒక్క సూదితో రెండు జబ్బుల నుంచి రక్షణ లభిస్తుంది.

వండుకునేవారికి

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడ్డప్పుడు హైదరాబాద్‌లో చికెన్ అమ్మకాలు పడిపోయాయి. అది ఇన్‌ఫ్లుయెంజా వైరస్, పక్షి నుంచి మనిషికి అరుదుగానైనా సోకగలది. మారెక్స్, ఐఎల్‌టీ ఆ కోవకు చెందవు. ఈ హెర్పిస్ వైరస్‌లు మనుషులకు సోకవు. గుడ్ల వల్ల గానీ, ఉడికిన మాంసం వల్ల గానీ భయం లేదు. కాలేయంలో గడ్డలూ, చర్మం మీద బుడిపెలూ కనిపించిన కోడిని మాత్రం దుకాణంలో పక్కన పెట్టించాలి. అది జబ్బుపడిన కోడి, తిండికి పనికిరాదు.

మారెక్స్ వల్ల ప్రపంచ కోళ్ళ పరిశ్రమకు ఏటా వంద నుంచి రెండు వందల కోట్ల డాలర్ల నష్టం జరుగుతోందని అంచనా. ఆ నష్టంలో మన రైతు వాటా తగ్గాలంటే చేయాల్సిన పనులు అందుబాటులోనే ఉన్నాయి. పిల్లలను కొనేటప్పుడు మారెక్స్ టీకా వేశారా, ఏ రకం వేశారు, ఏ రోజు వేశారు అని హేచరీని అడిగి బిల్లు మీద రాయించుకోవాలి. బ్యాచ్ అమ్మాక పాత లిట్టర్ పూర్తిగా ఎత్తి దూరంగా తరలించి, బూజు దులిపి, కడిగి, మందు కొట్టి, షెడ్డును కనీసం రెండు వారాలు ఖాళీగా ఎండనివ్వాలి. చనిపోయిన కోళ్ళను కాలువ గట్టున పారేయకుండా సున్నం చల్లి లోతుగా పూడ్చాలి. నగరం నుంచి తిరిగొచ్చిన జాలీలను గేటు బయటే దించి, కడిగి ఎండిన తర్వాతే లోపలికి రానివ్వాలి. పెరట్లో పది కోళ్ళు పెంచేవారు కూడా సంతలో కొన్న కొత్త కోడిని కొన్నాళ్ళు వేరుగా ఉంచాలి. అనుమానం వస్తే చనిపోయిన కోడిని సంచిలో కట్టి దగ్గర్లోని పశువైద్యశాలకు తీసుకెళ్ళి చూపించాలి.